సెలైన్ సీసా ఎవరు చూడాలి?

హైదరాబాద్ రహమత్ నగర్‌లో ఎవరు ఆస్పత్రిలో చేరినా ఇంట్లో ముందు పుట్టే ప్రశ్న ఒకటే: 'రాత్రికి ఎవరు పడుకుంటారు?' కొడుకు షూటింగుల్లో లైట్‌మన్, మానితే ఆ రోజు కూలి పోతుంది. కోడలికి జూబ్లీహిల్స్‌లో మూడిళ్ల పని. అయినా ఎవరో ఒకరు పని మానుకోక తప్పదు, వార్డులో పేషెంటును కనిపెట్టుకుని ఉండే మనిషి లేదు గనక.

ఆ మధ్య మా బంధువుకు తోడుగా నేనూ ఒక ఆస్పత్రిలో రెండు రాత్రులున్నాను. రాత్రి రెండింటికి పక్క బెడ్ పెద్దాయన సెలైన్ అయిపోయి, గొట్టంలోకి రక్తం ఎక్కడం మొదలైంది. ఆయన భార్య 'సిస్టర్, సిస్టర్' అంటూ వరండాలోకి పరుగెత్తింది. సిస్టర్ ఆ చివర వాంతులు చేసుకుంటున్న పిల్లను పట్టుకుని ఉంది. ముప్పై పడకలకు ఆమె ఒక్కతే. పెద్దావిడే గొట్టం మీది చక్రం తిప్పి ఆపింది. ఎవరు నేర్పారని అడిగితే, మొన్న ఇంకో అటెండెంట్ చూపించిందన్నది.

ఇది ఆ సిస్టర్ తప్పు కాదు. సాధారణ ఆస్పత్రుల్లో అయిదు పడకలకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. వినడానికి బాగానే ఉంది. కానీ అది మొత్తం సిబ్బంది లెక్క. మూడు షిఫ్టులకు పంచితే పదిహేను మందికి ఒక్కరు. సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని పెట్టుకోకపోతే అదీ ఉండదు. పైగా ఇది సూచనే, తప్పితే శిక్ష లేదు. కాలిఫోర్నియాలో నర్సుల సంఖ్యపై 1999లో చేసిన చట్టం 2004 నుంచి అమలవుతోంది. అక్కడ జనరల్ వార్డులో అయిదుగురికి ఒక నర్సు అంటే ఏ గంటలో చూసినా అయిదుగురికి ఒకరే, ఆమె భోజనానికి వెళ్లినా సరే. మనం వాదించాల్సింది ఈ తేడా గురించే. ఒక నర్సుకు ఒక్క పేషెంటు పెరిగినా ఆపరేషన్ అయినవారిలో మరణావకాశం ఏడు శాతం పెరుగుతుందని 2002లోనే అమెరికాలో లిండా ఐకెన్ బృందం చూపించింది.

నర్సులు దొరకరని యాజమాన్యాలంటాయి. కానీ తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామే మన నర్సులకు భాష నేర్పి జర్మనీకి పంపుతోంది. ఇక్కడ కరువు జీతానిదే. నర్సుల జీతాల సంగతి చూడమని 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ఆస్పత్రి అయినా నెలకు రూ.20 వేలకు తగ్గకూడదన్నది. ఇక్కడ అదీ సిఫార్సుగానే మిగిలింది.

చిన్న నర్సింగ్ హోంలు ఖర్చు మోయలేవన్న మాటలో కొంత నిజముంది, వాటికి రెండు మూడేళ్ల గడువివ్వొచ్చు. కానీ ఆ ఖర్చు ఇప్పుడూ ఎవరో ఒకరు మోస్తూనే ఉన్నారు. పోయిన కూలి రూపంలో రహమత్ నగర్ మోస్తోంది.

ప్రభుత్వం చేతిలో ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. ప్రజల డబ్బు తీసుకునే ప్రతి ఆస్పత్రికీ షిఫ్టువారీ నర్సుల సంఖ్యను షరతుగా పెట్టి, డ్యూటీ చార్టు తనిఖీ చేశాకే బిల్లు చెల్లించవచ్చు. చట్టం వచ్చేలోగా ఈ పని ఒక్క జీవోతో మొదలవుతుంది. ప్రతి వార్డు తలుపు మీద ఈ షిఫ్టులో పేషెంట్లెందరో, నర్సులెందరో తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి. రాత్రి రెండింటికి ఆ పెద్దావిడకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో.