ఆ 0.4 మా పిల్లలకు ఎందుకు లేదు?

భైంసా నుంచి ముథోల్ మీదుగా పోతే బాసర పెద్ద దూరమేమీ కాదు. అక్కడ గోదావరి ఒడ్డున సరస్వతి గుడి ఉంది. ఆ గుడి ఉన్న ఊళ్లోనే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ఉంది. జనం నోట్లో దాని పేరు ట్రిపుల్ ఐటీ. పాత ఆదిలాబాద్ జిల్లా నేల మీద నిలబడిన ఆ విశ్వవిద్యాలయంలో ఈ జిల్లా గోండు, కొలాం, నాయక్‌పోడ్, పర్ధాన్, తోటి, అంధ్, లంబాడా పిల్లలు ఎంతమంది ఉన్నారు? మేం అడుగుతున్న మొదటి ప్రశ్న ఇది. దానికి జవాబుగా మాకు ఎప్పుడూ రిజర్వేషన్ శాతం చెప్తారు. మేం శాతం అడగలేదు, పిల్లల్ని అడిగాం.

ఈ విశ్వవిద్యాలయం ఎందుకు పుట్టిందో గుర్తు చేయాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపస్‌లు తెరిచింది. పట్నంలో కోచింగ్ కొనుక్కోలేని పల్లె పిల్లవాణ్ని పదో తరగతి కాగానే తీసుకోవాలి, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉంచి చదివించాలి. ఇదీ ఆలోచన. మంచి ఆలోచన. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటాకు బాసర ఒక్కటే వచ్చింది. అందుకే అక్కడి ఒక్కో సీటు విలువ మాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. పదో తరగతి గ్రేడ్ పాయింట్లతో సీట్లు ఇచ్చిన కాలంలో, సర్కారు బడి పిల్లల వెనుకబాటును లెక్కలోకి తీసుకుని వాళ్ల పాయింట్లకు 0.4 కలిపారు. జిల్లా పరిషత్ బడిలో 9.3 తెచ్చుకున్న పిల్ల 9.7 అవుతుంది. సరైన పని. కానీ ప్రకటనలో ఒక మాట ఉంది: నివాస వసతి లేని ప్రభుత్వ పాఠశాలలు. అంటే పిల్లలు రాత్రి బడిలోనే పడుకుంటే ఆ 0.4 లేదు. ఐటీడీఏ కింద నడిచే ఆశ్రమ పాఠశాల నివాస వసతి ఉన్న బడి. అక్కడ 9.5 తెచ్చుకున్న కొలాం పిల్ల 9.5 దగ్గరే ఆగిపోతుంది.

బడిలో పడుకుంటే వెనుకబాటు పోతుందా?

రిజర్వేషన్ ఉంది కదా, అది సరిచేస్తుంది అంటారు. చేయదు. ఎస్టీ సీట్లను నింపేది కూడా ఆ పాయింట్ల వరుసలోనే. రోడ్డు పక్క ఊళ్లో, ఇంట్లో ఉండి చదువుకున్న ఎస్టీ విద్యార్థికి 0.4 కలుస్తుంది. ఊళ్లో హైస్కూల్ లేక ఇల్లు విడిచి ఆశ్రమ బడికి పోయిన ఎస్టీ విద్యార్థికి కలవదు. మాలోనే ఎక్కువ దూరంలో ఉన్నవాణ్ని ఇంకా వెనక్కి నెట్టే లెక్క ఇది. 2022 సెప్టెంబరులో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. సంతోషం. తలుపు వెడల్పు చేశారు, కానీ వరుస మాత్రం అదే.

నివాస బడిలో తిండి, పర్యవేక్షణ, చదువుకునే సమయం దొరుకుతాయి, మరి అదనపు పాయింట్లెందుకు అని కొందరు టీచర్లే అంటున్నారు. ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే గురుకులం గురించి ఆ వాదన చేస్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆశ్రమ పాఠశాల అలాంటిది కాదు. గూడెం నుంచి రోజూ వచ్చి పోలేరు కాబట్టి కట్టిన బడి అది. కాంట్రాక్టు టీచర్లతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న బడి. అక్కడి మంచం సౌకర్యం కాదు, దూరానికి సాక్ష్యం. పదో తరగతి ఫలితాల్లో పాయింట్ల పద్ధతి మారినా మా ప్రశ్న మారదు. సర్కారు బడి పిల్లలకు ఏ రూపంలో అదనం ఇచ్చినా అది ఆశ్రమ బడికీ రావాలి.

సీటు వచ్చినవాళ్ల సంగతి ఇంకొకటి. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, బాసరలో అడుగు పెట్టగానే ఇంగ్లిష్. భైంసా వైపు పిల్లలకైతే మధ్యలో మరాఠీ కూడా. పదిహేనేళ్ల పిల్లవాడికి అది మూడో మెట్టో, నాలుగో మెట్టో. ఆ మెట్టు మీద జారితే పిల్లవాడికి తెలివి లేదంటారు, మెట్టు ఎత్తు ఎవరూ కొలవరు. 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు టీచర్ శిక్షణ ఇచ్చారు, గోండిలో వాచకాలు తయారు చేశారు. నిజాం కాలంలో ఒక అడవి ఊళ్లో చేయగలిగిన పనిని, కంప్యూటర్లున్న విశ్వవిద్యాలయం చేయలేదా?

చేయగలదు. ఈ విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ రాజ్‌రెడ్డి. మనిషి మాటను కంప్యూటర్ అర్థం చేసుకునే విద్యలో పేరు పొందినవాడు, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవాడు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు ఫోన్‌లోనూ రాయొచ్చు. కీబోర్డు, నిఘంటువు, మాటను రాతగా మార్చే సాధనం, ఇవన్నీ బీటెక్ పిల్లలు ప్రాజెక్టుగా చేయదగ్గ పనులే. గోండి, కొలామి మాటలకు ప్రయోగశాల పెట్టడానికి బాసర కంటే తగిన చోటు ఏది? అప్పుడు మా పిల్లవాడు ఆ క్యాంపస్‌లో భాష రానివాడు కాదు, భాష తెలిసినవాడు.

అడిగితే ఏం జరుగుతుందో బాసర విద్యార్థులే చూపించారు. 2022 జూన్‌లో వేలమంది పిల్లలు ఎండనక వాననక వారం రోజులు కూర్చున్నారు. పూర్తికాలపు వైస్ చాన్సలర్, చాలినంతమంది అధ్యాపకులు, సరైన వసతులు అంటూ 12 డిమాండ్లు పెట్టారు. చివరికి విద్యాశాఖ మంత్రి వచ్చి వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే మెస్ తిండి తిని విద్యార్థులు ఆసుపత్రుల పాలయ్యారు. హామీ ఇవ్వడం వేరు, పని జరగడం వేరు అని కూడా ఆ ఏడాదే నేర్పింది. కాబట్టి మేం అడిగేవి కాగితం మీద అడుగుతున్నాం.

ఆశ్రమ పాఠశాలల పిల్లలకు సర్కారు బడి పిల్లలతో సమానంగా అదనం ఇవ్వాలి. ఏ తెగ నుంచి, ఏ మండలం నుంచి ఎంతమంది చేరారో, ఎంతమంది మధ్యలో మానేశారో ఏటా ప్రకటించాలి. తెగలవారీ లెక్క అడిగితే మాలో మాకు తంపులు పెట్టడం అనకండి. లెక్క దాచడమే తంపులకు మూలం. పీయూసీ మొదటి నెలల్లో ఇంగ్లిష్ కోసం విడిగా సమయం కేటాయించాలి. గోండి, కొలామి పనిని విశ్వవిద్యాలయం తన పనిగా తీసుకోవాలి.

ఆశ్రమ బడి టీచర్లకు ఒక మాట. పదో తరగతి పిల్లల కుల ధ్రువపత్రాలు ఫలితాల దాకా ఆగకుండా ముందే సిద్ధం చేయించండి. ప్రకటన రాగానే నోటీసు బోర్డు మీద పెట్టి వదిలేయకుండా పిల్లలతో దరఖాస్తు పెట్టించండి. చదువుకున్న యువకులకు ఒక మాట. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు చాలు. గత ఐదేళ్ల తెగలవారీ ప్రవేశాల లెక్క అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో చదవండి.

ఈ విశ్వవిద్యాలయాన్ని మేం కాదనడం లేదు. మాదని అంటున్నాం. అందుకే లెక్క అడుగుతున్నాం.