పగలగొట్టే ముందు ఒక్కసారి వినండి

మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. ఖంగుమంటే కొంటుంది, లేదంటే పక్కన పెట్టేస్తుంది. కంటికి కనబడని బీట చెవికి దొరుకుతుందంటుంది. బళ్లారి దగ్గరి కుప్‌గల్ కొండ గురించి చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ కొండంతా గ్రానైట్. దాని మధ్యలోంచి నల్లటి డోలరైట్ రాయి గోడలా పోతుంది. వేల ఏళ్ల కిందటి కొత్తరాతియుగం వాళ్లు ఆ నల్లరాళ్ల మీద మూపురాల ఎద్దుల్ని చెక్కారు. కొన్ని రాళ్ల మీద చిన్న చిన్న గుంటలున్నాయి. అక్కడ ఇంకో రాయితో కొడితే గంటలా మోగుతాయి!

స్కూల్లో ‘ఇగ్నియస్ రాక్స్’ బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకున్నా కానీ, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. లావా నేలమీదకొచ్చి త్వరగా చల్లారితే బసాల్ట్. మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు ఉండేది అదే. అలాంటి శిలాద్రవమే పైకి రాకుండా పాతరాతి పగుళ్లలో ఇరుక్కుని, కాస్త నిదానంగా చల్లారితే డోలరైట్. అందులో స్ఫటికాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుసుకుంటాయి. లోపల ఖాళీలు దాదాపు ఉండవు. అందుకే కొట్టినప్పుడు పుట్టిన కంపనం రాయంతా తిరుగుతుంది. బీట ఉంటే అక్కడే చచ్చిపోతుంది, అమ్మమ్మ కుండలో లాగే.

అయినా అన్నీ మోగవు. రాయి రెండు మూడు చోట్ల మాత్రమే ఆని ఉండాలి. మట్టిలో కూరుకుపోతే, గంటను చేత్తో పట్టుకుని కొట్టినట్టే.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇలాంటి రాళ్లున్న చోటును పార్కు చేశారు. మన దగ్గర డోలరైట్‌కి మార్కెట్ పేరు ‘బ్లాక్ గ్రానైట్’. అంటే వంటగట్టు, సమాధి రాయి. కుప్‌గల్‌ని క్వారీలు దెబ్బతీస్తున్నాయని పరిశోధకులు 2004లోనే హెచ్చరించారు.

“రాయి తవ్వకపోతే నీ హాస్టల్ ఎక్కడిదిరా?” అన్నాడు మా రూమ్మేట్. కరెక్టే. క్వారీలన్నీ మూసేయమని నేనూ అనను. కంకరకి వేరే కొండ దొరుకుతుంది. ఈ మోతకి ఇంకో కొండ దొరకదు. బొమ్మ పోతే కనీసం ఫొటో మిగులుతుంది. మోగే రాయిని లారీలో ఎక్కించి మ్యూజియంలో పెడదామన్నా కుదరదు, ఆనిక మారితే స్వరమే మారిపోవచ్చు. అది అక్కడే, అలాగే ఉండాలి.

కాబట్టి నా మాట ఇది. ఏ కొండకైనా లీజు ఇచ్చేముందు చెక్కిన బొమ్మలున్నాయా అని చూస్తే చాలదు, మోగుతుందా అని కూడా చూడాలి. మనం సుత్తులేసుకుని ఎగబడక్కర్లేదు, ఆ దెబ్బలకీ రాయి అరుగుతుంది. తెలిసినవాళ్లు ఒక్కసారి జాగ్రత్తగా రికార్డు చేస్తే, ఆ శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో తేల్చే కోడ్ మనం రాయగలం. మినీ ప్రాజెక్టుకి టాపిక్ లేదని ఏడ్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈసారి నా టాపిక్ ఇదే.

ఇద్దరు టీమ్‌మేట్స్ కావాలి. వస్తారా?