డిశ్చార్జి కాగితంలో ఆఖరి వాక్యం

కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని నాలుగున్నర గంటల్లోపు పెద్దాసుపత్రికి చేరిస్తే, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఈ సంగతి ఇప్పుడు గోడమీది పోస్టర్లూ చెబుతున్నాయి. ఆ తర్వాత డిశ్చార్జి కాగితం చివర డాక్టరు రాసే ‘రోజూ ఫిజియోథెరపీ చేయించాలి’ అన్న వాక్యం సంగతే ఎవరికీ పట్టదు.

పక్షవాతం నుంచి తేరుకోవడం చాలామటుకు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పేద కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఇంటికొచ్చాక 15 రోజుల ఖర్చు కూడా. పదహారో రోజు నుంచి అంతా ఇంటివాళ్ల నెత్తినే. ఊళ్లోంచి టౌనుకు రోజూ ఆటో, తోడు వెళ్లేవాళ్లకు కూలి నష్టం. వారం తిరిగేసరికి వెళ్లడం మానేస్తారు. ఆడించని భుజం బిగుసుకుపోతుంది. మాట పడిపోయినవాళ్ల సంగతి మరీ అన్యాయం, స్పీచ్ థెరపిస్టు ఉండేది నగరంలో.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, అందులో వంక పెట్టేదేమీ లేదు. కానీ అదే మనిషి మంచం దిగడానికి కావలసిన మూడు నెలల ఫిజియోథెరపీకి అలాంటి భరోసా ఎక్కడ?

ఇంట్లోవాళ్లకే నేర్పితే సరిపోదా అంటారు. చౌకైన ఆలోచనే (కోడలి చాకిరీకి లెక్క కట్టకపోతే). దాన్ని మన దేశంలోనే గట్టిగా పరీక్షించారు. ‘అటెండ్’ అనే అధ్యయనంలో 14 ఆసుపత్రుల నుంచి 1,250 మంది రోగులను తీసుకుని, సగం మంది కుటుంబాలకు వ్యాయామాలు చేయించే శిక్షణ ఇచ్చారు. ఫలితాలు 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవారు, ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవారు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. ఇంటివాళ్ల ప్రేమకు లోటేమీ లేదు, అయినా ఆ శిక్షణతో తేడా ఏమీ రాలేదు.

పక్కనున్న తమిళనాడు ఫిజియోథెరపిస్టునే ఇంటికి పంపుతోంది. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువమ్’లో బీపీ, షుగరు మాత్రలతో పాటు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ కూడా ఉంది. మన దగ్గర ఈ పద్ధతి అసలే తెలియదనుకోవడానికీ లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఎప్పటినుంచో నడుస్తోంది. పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికే చేతులెత్తేశాం.

తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచింది. అందులో ఎంత మిగిలినా మంచంమీదున్న మనిషి ఇంటికి ఫిజియోథెరపిస్టు నడిచి రాడు. స్ట్రోక్ చికిత్స ప్యాకేజీలోనే మూడు నెలల ఇంటి థెరపీని కలిపి, ఆసుపత్రి బిల్లు చెల్లించే ముందు అది మొదలైందో లేదో అడిగితే చాలు, డిశ్చార్జి కాగితంలోని ఆ ఆఖరి వాక్యానికి బాధ్యులు దొరుకుతారు.