బండను చెక్కి ఎక్కడం గెలుపేనా?

సంపాదకులు గారికి,

అయ్యా,

ఇచ్చటి మన తెలుగు యువకులు కొందరు ఆదివారాలలో తాళ్లు భుజాన వేసుకొని నాశిక్ రోడ్డు మీదుగా మాహులి కోటకూ, అంతకంటె దూరాన ఇగత్‌పురి వైపున ఉన్న అలంగ్, మదన్ కోటలకూ పోతున్నారు. మగ్గాల రొదలో పుట్టి పెరిగిన పిల్లలకు ఇది మంచిదే. అయితే వారి మాటలలో ఒకటి విచారించదగినది. నిట్టనిలువు బండపై వేలు నిలువని చోట ఉలితో చిన్న గాడి చెక్కితే కొత్తవారికి అనువుగా ఉంటుంది గదా, కొండకు వచ్చే లోటేమిటి అని కొందరి వాదం. ఈ వాదం సరికాదని తమ పత్రిక ద్వారా మనవి చేయదలచాను.

ఈ క్రీడలో చేతులకూ కాళ్లకూ దొరికే ఆధారం రాయి ఇచ్చినంతే. బండలో రంధ్రం చేసి బిగించిన ఉక్కు బోల్టులూ, వాటికి తగిలించిన తాడూ జారినప్పుడు ప్రాణం కాపాడటానికి మాత్రమే. పట్టుకొని ఎగబ్రాకడానికి కాదు. కనుక బోల్టు వేరు, చెక్కుడు వేరు. ప్రశ్నపత్రం కష్టమని విద్యార్థియే ప్రశ్నలు దిద్దుకొంటే ఆ మార్కులకు విలువ ఏమున్నది? నేడు ఎవరికీ లొంగని బండ రేపు మరొకరికి లొంగవచ్చు. మనకు చేతకాలేదని చెక్కివేస్తే ఆ రాబోయే పిల్లల అవకాశాన్ని మనం ముందుగానే కాజేసినట్లే.

మన కుటుంబాలలో నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి వచ్చినవి అనేకం గనుక భువనగిరి గుట్టను గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏకశిల మీద శిక్షణ పొందిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. పేద ఇండ్ల పిల్లలే రాతికి తగినట్లు తమను తయారు చేసుకోగా, రాతిని మనకు తగినట్లు మార్చవలెననడం ఏమి న్యాయం?

భువనగిరి కోటకు మెట్లు చెక్కలేదా, కన్హేరిలో గుహలు తొలవలేదా అని అడగవచ్చు. అవి నివాసానికీ, రక్షణకూ, పదిమంది రాకపోకలకూ చేసినవి. ఆటలో సులువుకోసం చెక్కే గాడి అట్టిది కాదు. క్వారీలు గుట్టలనే మింగుతుండగా ఈ ఉలిగాటు ఎంత అనేవారూ ఉన్నారు. పెద్ద నష్టాన్ని చూపి చిన్న నష్టాన్ని సమర్థించరాదు. భువనగిరి శిల వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. సహ్యాద్రి నల్లరాయిది 6 కోట్లకు పైబడినది. మగ్గంపై పడుగు పోగు తెగితే ముడివేసి నడిపించుకొంటాము. చెక్కిన రాతికి ముడి లేదు.

బోల్టులైనా విచ్చలవిడిగా కొట్టరాదు. 1818లో ఆంగ్లేయులు అలంగ్, మదన్ మొదలైన కోటల మెట్లను ధ్వంసం చేసినందున అచ్చటి నిలువు చోట్ల అవి అవసరమే. కాని సహ్యాద్రి వానలకు మామూలు ఇనుము తుప్పుపట్టి, రక్షణ అనుకొన్నదే ప్రాణం తీయగలదు. ఊడిపడబోయే రాతి పెచ్చును తీసివేయడంలో తప్పు లేదు. జర్మనీలో డ్రెస్డెన్ సమీపాన ఇసుకరాతి బండలు ఎక్కేవారు 1913 నాటికే నియమాలు ఏర్పరచుకొన్నారు: రాతిని మార్చరాదు, రక్షణకు కొద్దిపాటి ఇనుప కడియాలు చాలు. ప్రభుత్వం చెప్పకుండనే వారు తమంతట తాము చేసుకొన్న కట్టుబాటు అది.

కావున మనవి మూడు. శిక్షణ ఇచ్చేవారు రాతిని చెక్కరాదన్న మాటను మొదటి పాఠంగా చెప్పవలెను. కొత్త బోల్టు వేయుటకు ముందు ఆ కొండను ఎక్కే సంఘాలన్నీ సంప్రదించుకొని, తుప్పుపట్టని ఉక్కునే వాడవలెను. మూడవది, కొత్తవారి కొరకు భివండీ-నిజాంపూర్ మహానగరపాలిక ఒక అభ్యాసపు గోడ కట్టించవలెను. 2021లో టోక్యోలోనూ, 2024లో పారిస్‌లోనూ ఒలింపిక్ పోటీలు అటువంటి కట్టిన గోడల మీదనే జరిగాయి. ఆ గోడపై పట్టులను మర సడలించి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చును. మార్చవలెనన్న కోరిక అక్కడ తీర్చుకొని, కొండను కొండగా ఉంచుదురు గాక.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా
ధామన్కర్ నాకా, భివండి