‘కోరస్’ అని రాసి వదిలేసిన గొంతులు

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయాక ఆయన పాత క్యాసెట్ల జ్ఞాపకాలు వరదలా వచ్చాయి. ఇంకా వస్తూనే ఉన్నాయి. జగిత్యాల, గోదావరిఖని, బెల్లంపల్లి, నిర్మల్ - పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరివాళ్లు రాసినా కథ దాదాపు ఒకటే. జన నాట్య మండలి సభ. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. వేదిక ముందు ఎవరో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన పాట, దాన్నుంచి ఒక కాపీ, ఆ కాపీ నుంచి ఇంకొకటి. గరగరల మధ్య ఆయన ఆయాసం, పాటకూ పాటకూ నడుమ మాట, జనం ఈల, డప్పు మీద మొదటి దెబ్బ. స్టూడియో క్యాసెట్‌లో దొరకనిదేదో వీటిలో ఉందంటారు. ఉంది, నేనూ ఒప్పుకుంటాను. గాయకుడి ఆయాసాన్ని కూడా ఇంత శ్రద్ధగా విన్న చెవులకు వెనకే పాడుతున్న ఆడవాళ్ల గొంతులు వినపడకపోవడమేమిటన్నదే నా పేచీ. నేను చదివిన జ్ఞాపకాల్లో వాళ్ల ఊసు లేదు. నా దగ్గరున్న రెండు క్యాసెట్ల అట్టల మీద మాత్రం ‘కోరస్’ అన్న ఒక్క మాట ఉంది.

అసలు ఆ పాట ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆయన ఒక పాదం ఎత్తుకుంటాడు, వెనకవాళ్లు అందుకుంటారు. వాళ్లు అందుకోకపోతే ఆయనకు ఊపిరి పీల్చుకునే సందు లేదు, గెంతి ఆడే వ్యవధి లేదు, ఆగి కథ చెప్పే వీలు లేదు. అందుకునేవాళ్లు లేని ఒగ్గుకథ ఎక్కడైనా ఉందా? జన నాట్య మండలి తన బాణీలను జనం దగ్గర్నుంచే తీసుకున్నానని ఎప్పుడూ దాచుకోలేదు. అయితే ఆ జనంలో సగం ఎవరు? ఒకరు చెప్పగా అందరూ అందుకునే పద్ధతిని మా జిల్లాల్లో ఆడపిల్లలు బడికన్నా ముందు బతుకమ్మ చుట్టూ నేర్చుకుంటారు. ఎన్‌కౌంటర్లో పోయిన కొడుకును తలుచుకునే తల్లి శోకాన్ని గద్దర్ పాట చేశాడు. పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటే ఎత్తి చెప్పుకుంటూ ఏడ్చే ఆ రీతి శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్లది. అభిమానులేమో దాన్ని ఆయన గొంతు మహిమగా మాత్రమే చెప్పుకుంటారు. ఆడకూలీల బతుకు మీద ఆయన గొప్ప పాటలే కట్టాడు, కాదనను. అందుకే ఆ పాటలు ఆడవాళ్లవి కూడా అంటున్నాను.

‘ఆ రాత్రి నేనక్కడున్నాను’ అనే గర్వం ఈ జ్ఞాపకాలన్నిటికీ ప్రాణం. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానం, అదే ఏడాది మే నెలలో వరంగల్ రైతుకూలీ సంఘం సభ - లారీలెక్కి పోయినవాళ్లు ఈ రెండింటినీ పండగల్లా తలుచుకుంటారు. ఆడవాళ్లూ పోయారు. పోలేనివాళ్లే ఎక్కువ. కోరుట్లలో బీడీలు చేసిన ఒక పెద్దామె నాతో అన్నది: “మీటింగు రాత్రి సురువైతే తెల్లారుతుండె బిడ్డా. పోరగాండ్లను ఇడిసి నేనెట్ల పోదు? మా ఆయిన పోతుండె. తెల్లారినంక ఆ క్యాసెట్టు ఇంట్ల పెడితె బీడీలు చేసుకుంట ఇంటుంటి. గద్దరు అందరికి యాదికున్నడు. నాకు ఎనుక రాగం తీసే ఆడిమనిషి యాదికున్నది. ఆమె గొంతుల మా అక్క ఉన్నట్టనిపిస్తుండె.”

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు పక్క మనిషి మాటనే మింగేస్తుంది, ఇక పాటెక్కడ? ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టే పనిలో చేతులు ఖాళీ ఉండవు కానీ చెవులు ఖాళీగా ఉంటాయి. వెయ్యి బీడీలు పూర్తయ్యేలోగా అదే క్యాసెట్ ఎన్నిసార్లు తిరుగుతుందో! సభకు పోయినాయన పాటను ఒక్కసారి విన్నాడు. ఇంట్లో ఉన్నామె వందసార్లు విన్నది. మరి అభిమాని అనగానే మనకు మగవాడే ఎందుకు కనిపిస్తాడు?

ఈ చెవుడు మనకొక్కరికే ఉన్న జబ్బు కాదులెండి. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం తన కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకోనిచ్చింది. 1984 నుంచి వాళ్లకోసం ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ టేపంటే ఆ అభిమానులకు వేదం. దాన్ని పట్టింది బెట్టీ కాంటర్ అనే సౌండ్ ఇంజనీర్. ఆవిడ టేపులు 1980ల్లో గోదాము అద్దె బాకీ కింద వేలంలో పోయాయి. అదే బృందంలో 1970ల్లో పాడిన డోనా జీన్ గాడ్‌షో శ్రుతి తప్పేదని టేపులు సేకరించే మగవాళ్లు దశాబ్దాలపాటు వెక్కిరించారు. వాయిద్యాల హోరులో తన గొంతు తనకే వినపడేది కాదని ఆమె చెప్పుకుంది. 2025 నవంబర్‌లో ఆమె చనిపోయింది. అక్కడ కనీసం వెక్కిరించడానికైనా ఒక పేరుంది.

నేనీ మాట అన్నప్పుడల్లా మిత్రులు నిర్బంధాన్ని గుర్తు చేస్తారు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. పేర్లు రాయడమంటే మనుషుల్ని పట్టివ్వడమే, అది సమష్టి కళ, అక్కడ వ్యక్తులు లేరు అంటారు. మొదటి మాటకు తల వంచుతాను. రెండో మాట దగ్గరే చిక్కు. సమష్టిలో వ్యక్తులు లేకపోతే గద్దర్ ఎలా మిగిలాడు? ఆయన మారుపేరూ తెలుసు, గుమ్మడి విఠల్‌రావు అన్న అసలు పేరూ తెలుసు. పేరు లేకుండా ఉండే త్యాగం ఒక్క కోరస్‌కే ఎందుకు మిగిలింది? ‘విమలక్క ఉంది కదా’ అంటారు ఇంకొందరు. ఉంది. అరుణోదయలో ముందు నిలబడి పాడింది కాబట్టి ఉంది. ముందు నిలబడితే తప్ప ఆడగొంతు వినపడదన్నమాట!

సాయుధ పోరాటంలో ఆడవాళ్ల మాటలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చయ్యేసరికి 1986 వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు ఆలస్యం. అప్పటికే కొందరు పోయారు, కొందరు మరిచిపోయారు. జన నాట్య మండలి దళాల్లో పాడిన ఆడవాళ్లలో బతికున్నవాళ్లు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉంటారు. వాళ్లకోసం కూడా అన్నేళ్లు ఆగుదామా?

ఇప్పుడు ఆ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. మంచి పని, రీళ్లకు బూజు పట్టకముందే జరగాలి. కానీ ‘గద్దర్ లైవ్’ అని పేరు పెట్టి ఊరుకుంటున్నారు. ఎక్కించే మిత్రులారా, ప్రతి క్యాసెట్‌కూ ఒక కాగితం జతచేయండి. ఏ ఊరు, ఏ సభ, ఎవరు పట్టారు, ఏ ఇంట్లో ఎవరు దాచారు, అందుకున్నవాళ్లెవరు? బయట పెట్టొద్దన్నవాళ్ల పేర్లు బయట పెట్టకండి, అడగడం మాత్రం మానకండి. మీకు తెలియకపోతే ఆ టేపు తీసుకుని కోరుట్లకో, మెట్‌పల్లికో, నిర్మల్‌కో పోయి, బీడీలు చేసినవాళ్ల మధ్య కూర్చుని పెట్టి వినిపించండి. వాళ్లు ఆ గొంతుల్ని గుర్తుపడతారు.