తృటిలో తప్పింది

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడొక రసాయనాల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. విస్తరి ముందు కూర్చున్నా చేతిలో ఫోను దింపడు. మా ఆవిడ విసుక్కుని, “పండగపూట కూడా ఆ దిక్కుమాలిన ఫోనేమిట్రా?” అంటే, “దీన్లో పదిమంది ప్రాణాలున్నాయి అత్తయ్యా” అన్నాడు. తెలుగు మేష్టార్ని గదా, అతిశయోక్తి అలంకారం అనుకున్నాను.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని విప్పి చెప్పాడు. ట్యాంకులోకి దిగే కార్మికుడి చొక్కాకి ఓ చిన్న యంత్రం తగిలిస్తారట. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. అది 19.5కి పడితే యంత్రం కూత పెడుతుంది, పైనున్నవాడి ఫోనుకి కబురూ పంపుతుంది.

“ముక్కు లేదుట్రా?” అన్నాను.

“హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన మావయ్యా. మోతాదు పెరిగితే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది గదా అని దిగినవాడు మళ్లీ పైకి రాడు.”

మండే ఆవిర్లున్న చోటికి మన ఫోన్లు రానివ్వరట. నిప్పురవ్వ పుట్టకుండా ప్రత్యేకంగా చేసినవే వాడాలి. ఇక కెమెరాల వెనక కృత్రిమ మేధ కూర్చుని, హెల్మెట్ లేని తల కనిపిస్తే చాలు ఫిర్యాదు చేస్తుంది. పరీక్ష హాల్లో నాకంటే నయమే!

విశాఖ అనగానే 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుకు రాక మానదు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీదికి పాకింది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగులు తీస్తూ దారిలోనే పడిపోయారు. 12 మంది పోయారు. చల్లగా ఉంచవలసిన సరుకు లాక్‌డౌన్ రోజుల్లో కదలకుండా నిలవుండి లోలోపల వేడెక్కింది. వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉందనీ, పైభాగం ఎంత కాగుతోందో దానికి తెలియలేదనీ, సైరన్ ఉండి కూడా మోగించలేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఎంత మేధ అయినా అడుగున పెట్టిన సాధనం చెప్పే అంకెనే గదా చదివేది?

ఆ మాటే అంటే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోనులో ఒక మీట చూపించాడు. ‘నియర్ మిస్’ అని ఇంగ్లీషులో ఉంది. ప్రమాదం కొద్దిలో తప్పిపోతే కార్మికుడు అది నొక్కి చెప్పాలట.

“దీన్ని తెలుగులో ఏమనాలి మావయ్యా?”

“తృటిలో తప్పింది, అను” అన్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కిందటేడు ఒక కాంట్రాక్టు కుర్రాడు పంపు దగ్గర చుక్కలు కారుతున్నాయని ఆ మీట నొక్కాడు. పంపు బాగు చేశారు. కాని కబురుతోపాటు వాడి పేరూ వెళ్లింది. పని ఆపించాడన్న కోపంతో కాంట్రాక్టరు వాడికి వారం రోజులు పని ఇవ్వలేదు. ఆ తర్వాత ఆ షిఫ్టులో ఎవరూ మీట జోలికి పోలేదు. మూడు నెలలుగా పట్టికలో అన్నీ సున్నాలే. పైవాళ్లు సంతోషించారు. మావాడికి మాత్రం నిద్ర పట్టడం లేదు.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని పైవాళ్లకి ఉత్తరం రాశాం. మీట మీద తెలుగు ఉండాలి, దాని కింద ‘పేరు చెప్పనక్కరలేదు’ అని పెద్దక్షరాల్లో ఉండాలి. అక్షరదోషాలు నేను దిద్దాను. వాడు కనుమ వెళ్లగానే రైలెక్కాడు.

నిన్న ఫోను చేశాడు. తెలుగు పెట్టడానికి ఒప్పుకున్నారట. రెండోదాని మాట ఇంకా తేల్చలేదు.