వాస్తవికత ఐరోపా సొత్తేనా?

వాస్తవికతావాదము 19వ శతాబ్ది మధ్యభాగమున ఫ్రాన్సులో పుట్టినదని పాఠము చెప్పుచున్నాము. 1855లో కూర్బే తన చిత్రప్రదర్శనకు ఆ పేరు పెట్టుట, 1857లో షాంఫ్లూరీ ఆ పేరనే వ్యాససంపుటి వెలువరించుట, ఆ యేడే ఫ్లోబేర్ 'మదాం బోవరీ' గ్రంథరూపము దాల్చుట సత్యములే. అయితే వాదము పుట్టిన కాలము వేఱు, దృష్టి పుట్టిన కాలము వేఱు.

స్వభావోక్తిని అలంకారములలో మొదట నిలిపినవాడు దండి. ఆయన దశకుమారచరితమున మంత్రగుప్తుని కథలో ఆంధ్రనగర సమీపమున ఒక మహాసరస్సు కలదు. అది మన కొల్లేరేయని పలువురు పరిశోధకుల అభిప్రాయము. అందు మునిగిన రాజు దివ్యరూపముతో లేచెనని జనులు నమ్మిరి. జరిగినది వేఱు. కపటసన్న్యాసి ముందే గట్టున బిలము త్రవ్వి, నీటిలో రాజును చంపి, తానే రాజై వెడలినాడు. మహిమను మనుష్యయత్నముగా విప్పి చూపిన ఈ చూపు వాస్తవికత కాదనుట ఎట్లు?

అంతమాత్రమున అంతయు మనకడ కలదనుటయు తగదు. ఆ సరస్సున వలవేయు జాలరి కష్టసుఖములు దండికి కథావస్తువు కాలేదు. సామాన్యుని నిత్యజీవితమును నవ్వులాటగా గాక గంభీరముగా గ్రహించుట ఆధునిక వాస్తవికతకు లక్షణమని 1946లో అవర్‌బాహ్ ప్రతిపాదించినాడు. మన మృచ్ఛకటికము ఆ త్రోవ కొంత త్రొక్కినది. తెలుగున 1922 నాటి 'మాలపల్లి' దానిని రాజమార్గము చేసినది.

కావున అలంకారశాస్త్రమును ఒక గదిలో, నవలను వేఱొక గదిలో బోధించుట మానవలెను. స్వభావోక్తికిని వాస్తవికతకును గల సామ్యభేదములను మన ప్రాచ్యకళాశాలల పరిశోధకులకు విషయముగా ఈయవలెనని నా అభిప్రాయము.